12 స్నిప్‌ల లోపు తేడా ఉంటే టీబీ ఒకరి నుంచి ఒకరికి సోకినట్టేనా?

టీబీ_కల్చర్:

నమస్తే. ఒక జిల్లాలో రెండేళ్లపాటు కల్చర్ పాజిటివ్ వచ్చిన టీబీ ఐసోలేట్లకు (రోగి నమూనా నుంచి కల్చర్‌లో పెంచిన క్రిములకు) పూర్తి జన్యుక్రమం చేయించాం. ఇల్యుమినా యంత్రం, 2×150 రీడ్లు (150 అక్షరాల చొప్పున చదివిన ముక్కలు), సగటు లోతు, అంటే ఒక్కో స్థానం మీద పడ్డ రీడ్లు, 60 రెట్ల పైనే ఉంది. దక్షిణాదిలో అనుకున్నట్టే ఎక్కువ భాగం లీనియేజ్ 1 (టీబీ క్రిమి పెద్ద వంశాల్లో ఒకటి). మిగతావి 3, 4, అక్కడక్కడ 2. రీడ్లను హెచ్37ఆర్‌వీ అనే ప్రామాణిక టీబీ జన్యుక్రమం (రిఫరెన్స్) మీద మ్యాప్ చేసి, ప్రతి జంటకూ స్నిప్‌లు, అంటే ఒక్కో అక్షరం తేడాలు, ఎన్ని ఉన్నాయో లెక్కగట్టాం. 12 లోపు ఉన్న జంటలను కలుపుకుంటూ క్లస్టర్లు తీశాం.

మూడు చోట్ల ఆగిపోయాం. ఇద్దరి మధ్య తేడా సున్నా వచ్చింది, కానీ వాళ్లవి జిల్లాకు ఆ చివరొకటి ఈ చివరొకటి ఉన్న మండలాలు. ఎంత అడిగినా కలిసిన చోటు దొరకలేదు. ఇంకో ఇద్దరివి ఒకే వీధి, తేడా 9. ఇక మూడో చోట ఏ–బి మధ్య 6, బి–సి మధ్య 7, ఏ–సి మధ్య 13. గీత 12 దగ్గర పెట్టినా ముగ్గురూ ఒకే క్లస్టర్‌లో పడ్డారు.

ఎవరి నుంచి ఎవరికి సోకిందో బాణాలు గీసి చూపించమని పైనుంచి అడుగుతున్నారు. 12 అనే గీతను ఎంతవరకు నమ్మొచ్చు? ట్రాన్స్‌ఫైలో లాంటి, ఎవరి నుంచి ఎవరికి సోకిందో అంచనా వేసే ప్రోగ్రాంలు వాడితే ఆ బాణాలు వస్తాయా?

---

లాంబ్డా:

ముందు ఆ 12, దాంతోపాటు వాడే 5 అనే గీత ఎక్కడివో చూద్దాం. ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో 254 మంది రోగుల 390 ఐసోలేట్ల మీద చేసి 2013లో అచ్చువేసిన పని అది. ఒకే రోగి నుంచి వేర్వేరు కాలాల్లో తీసినవీ, ఒకే ఇంట్లో వాళ్లవీ పోల్చి, మొత్తం జన్యుక్రమంలో ఏడాదికి 0.5 స్నిప్ చొప్పున మార్పు వస్తోందని అంచనా కట్టారు. విశ్వాస అంతరం 0.3 నుంచి 0.7. మూడేళ్లలో 5 దాటడం అరుదు కాబట్టి 5 లోపు ఉంటే ఇటీవలి సంక్రమణ కావచ్చని, 12 దాటితే దాదాపు కాదని గీతలు పెట్టారు. టీబీ తక్కువగా ఉండి, కల్చర్ మామూలుగా జరిగే దేశంలో, వాళ్ల పైప్‌లైన్‌తో (రీడ్ల నుంచి స్నిప్‌లు తీసే ప్రోగ్రాంల వరసతో), వాళ్ల దగ్గర తిరిగే లీనియేజ్‌లతో వచ్చిన అంకెలవి. ఆ గీతను మీ జిల్లాకు అలాగే తెచ్చి పెట్టలేం. దాని వెనక ఉన్న లెక్కను మాత్రం తెచ్చుకోవచ్చు.

ఆ లెక్క ఇది. ఇద్దరి క్రిములకు ఉమ్మడి మూలం నుంచి ఒక్కొక్కరి నమూనా తేదీ దాకా ఎన్నేళ్లు గడిచాయో రెండు వైపులా కలపండి. ఆ మొత్తాన్ని 0.5తో గుణిస్తే రావలసిన సగటు స్నిప్‌ల సంఖ్య, అంటే లాంబ్డా, వస్తుంది. ఉమ్మడి మూలం మొదటి రోగి నమూనాకు ఏడాది ముందుదీ, రెండో రోగి నమూనా మొదటిదానికి రెండేళ్ల తర్వాతదీ అనుకోండి. 1 + 3 = 4 ఏళ్లు, లాంబ్డా 2. అరుదైన ఘటనల సంఖ్యకు వాడే పాసాన్ పంపిణీ ప్రకారం సున్నా రావడానికి 13.5 శాతం, 5 లేదా అంతకు తక్కువ రావడానికి 98.3 శాతం అవకాశం ఉంది.

ఇప్పుడు మధ్యలో మీకు దొరకని ఇంకో రోగి ఉన్నాడనుకుందాం. దారి రెండేళ్లు పెరిగింది, లాంబ్డా 3. మీకు 2 స్నిప్‌లు కనిపించాయి. నేరుగా సోకి ఉంటే 2 రావడానికి సంభావ్యత 0.271. మధ్యలో ఒకరుంటే 0.224. నిష్పత్తి 1.2. ఇంత చిన్న నిష్పత్తితో బాణం గీయలేం. రెండేళ్లకు ఒక మార్పు వచ్చే క్రిమిలో, జన్యుక్రమం ఒక్కటే చూసి నేరుగా సోకిందా, ఒకరి మీదుగా వచ్చిందా అని విడదీయడం కుదరదు. ఎంత లోతుగా సీక్వెన్సింగ్ చేసినా ఇది మారదు.

మీ 9 స్నిప్‌ల జంట సంగతి. 9 లెక్కకు పాసాన్ 95 శాతం అంతరం 4.1 నుంచి 17.1. 0.5తో భాగిస్తే రెండు కొమ్మలూ కలిపి 8 నుంచి 34 ఏళ్లు. నమూనాలు దగ్గర తేదీల్లో తీసి ఉంటే ఉమ్మడి మూలం సుమారు 4 నుంచి 17 ఏళ్ల వెనక ఉంది. రేటులోని అనిశ్చితి (0.3–0.7) కలిపితే అంతరం ఇంకా సాగుతుంది. అదే లాంబ్డా 2 అయితే 9 లేదా ఎక్కువ రావడానికి అవకాశం పదివేలకు రెండున్నర. కాబట్టి ఈ రెండేళ్లలో ఒకరి నుంచి ఒకరికి సోకిందన్న మాట దాదాపు కొట్టేయొచ్చు. ఎప్పుడో ఆ వీధిలోనే ఉన్న పాత రోగి ఒకరు ఇద్దరికీ మూలం కావడాన్ని మాత్రం ఈ లెక్క కొట్టేయదు.

సున్నా జంటకూ ఇదే. సున్నా కనిపించినప్పుడు లాంబ్డాకు 95 శాతం పై హద్దు సుమారు 3, అంటే మొత్తం 6 ఏళ్ల కొమ్మలు. సున్నా అనగానే నిన్నమొన్న సోకిందనుకోకండి, మూలం మూడేళ్ల వెనక ఉన్నా సున్నా రావొచ్చు.

ఇక 6, 7, 13. గొలుసుగా కలుపుకుంటూ పోతే (సింగిల్ లింకేజ్) నమూనాలు పెరిగేకొద్దీ క్లస్టర్లు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. ఇందులో తప్పేం లేదు, ఆ పద్ధతి గుణమే అది. ఇక్కడ మీ అంకెలు ఇంకో సంగతి కూడా చెబుతున్నాయి: 6 + 7 = 13 సరిగ్గా కలిసింది కాబట్టి, ఏ–సి మధ్య దారి బి మీదుగానే పోతోంది. బి వంశవృక్షంలో కొమ్మ చివర కాకుండా మొదట్లో కూర్చున్నాడు, తనకంటూ ప్రత్యేకమైన మార్పు ఒక్కటీ లేదు. బి నమూనా తేదీ మిగతా ఇద్దరికన్నా ముందుదో కాదో చూడండి.

---

రీడ్_డెప్త్:

లెక్క బాగానే ఉంది. కానీ లాంబ్డా గారు ఆ 0, 6, 7, 9 అంకెలు నిజమని నమ్మి మొదలుపెట్టారు. నేనైతే అక్కడే ఆగుతాను.

సున్నా, ఊళ్లు దూరం, సంబంధం లేదు: ఈ మూడూ కలిసి కనిపిస్తే ముందు ల్యాబ్ రిజిస్టర్ తీయండి. రెండు నమూనాలూ ఒకే రోజు డీకంటామినేషన్ (కల్చర్‌కు ముందు వేరే బ్యాక్టీరియాను చంపే శుద్ధి) అయ్యాయా? ఒకే బ్యాచ్ బఫర్ సీసాలోంచి పోశారా? ట్యూబులు పక్కపక్కన ఉన్నాయా? ఒకటి స్మియర్ (సూక్ష్మదర్శిని పరీక్ష) 3+, అంటే క్రిములు చాలా ఎక్కువ, రెండోది స్మియర్ నెగెటివ్, ఒక్కసారే కల్చర్ పాజిటివ్, అదీ ఆలస్యంగా వచ్చిందంటే, ఆ రెండో రోగికి ఆ క్రిమి ల్యాబ్‌లోనే అంటుకుని ఉండొచ్చు. ఉమ్మడి సీసాలోంచి పోసేటప్పుడు పైపెట్ కొన ట్యూబ్ అంచుకు తగిలితే చాలు. అలాగే లైబ్రరీలో (సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసిన డీఎన్ఏలో) ఇండెక్స్‌లు, అంటే ఏ రీడ్ ఏ నమూనాదో చెప్పే గుర్తులు, పక్కవాటిలోకి దూకడం (కొత్త తరం ప్యాటర్న్‌డ్ ఫ్లోసెల్స్ మీద ఇది ఎక్కువ) వల్ల కొన్ని శాతం రీడ్లు మారతాయి. మంచి లోతున్న నమూనాకు దానివల్ల నష్టం ఉండదు. డీఎన్ఏ సరిగా రాక రీడ్లు చాలని నమూనాలో మాత్రం పక్కనమూనా రీడ్లే ఎక్కువై సున్నా తేడా చూపిస్తాయి. రెండు వైపులా ప్రత్యేక జంట ఇండెక్స్‌లు వాడితే ఈ బాధ చాలావరకు పోతుంది.

ఆ తర్వాత మాస్కింగ్, అంటే నమ్మలేని ప్రాంతాలను కప్పేయడం. హెచ్37ఆర్‌వీ పొడవు 44,11,532 అక్షరాలు, జీ, సీ అక్షరాలు 65 శాతం పైన. అందులో పీఈ, పీపీఈ జన్యువులు, చొప్పింపు శ్రేణులు, పునరావృతాలు కలిసి దాదాపు పదో వంతు. 150 అక్షరాల రీడ్ అక్కడ ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోలేదు, తప్పు చోట కూర్చుని లేని స్నిప్ చూపిస్తుంది. ఆ ప్రాంతాలను లెక్కలోంచి తీసేశారా? తీస్తే ఏ బెడ్ ఫైల్‌తో (ఆ ప్రాంతాల జాబితాతో)? 9 వచ్చిన జంటలో మూడు స్నిప్‌లు ఒకే పీపీఈ జన్యువులో పక్కపక్కన ఉంటే అది 6 అయిపోతుంది. అందుకే 12 అక్షరాల కిటికీలో ఒకటికన్నా ఎక్కువ స్నిప్‌లుంటే ఎంటీబీసెక్ అనే ప్రోగ్రాం వాటిని పక్కన పెడుతుంది.

మందుల నిరోధకత ఇచ్చే స్థానాలు కూడా వంశవృక్షానికి పనికిరావు. ఆర్‌పీఓబీ జన్యువులో 450వ కోడాన్, కాట్‌జీ జన్యువులో 315వ కోడాన్ మార్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేని రోగుల్లో, మందు ఒత్తిడికి విడివిడిగా పుడతాయి. వాటిని ఉంచితే నిరోధక ఐసోలేట్లన్నీ ఒకదానికొకటి దగ్గరైనట్టు కనిపిస్తాయి.

స్నిప్‌ను ఏ ప్రమాణంతో ఒప్పుకున్నారో కూడా రాయండి. రెండు దిశల్లోనూ కనీసం నాలుగేసి రీడ్లు, నాణ్యత 20, ఆ అక్షరం చూపే రీడ్లు 75 శాతం అన్నది ఎంటీబీసెక్‌లో ముందే పెట్టి ఉన్న అమరిక. నా అభిప్రాయంలో క్లస్టర్ల పనికి 90 శాతం మంచిది. 10 నుంచి 90 మధ్య పడే స్థానాలను పారేయకుండా విడిగా లెక్కబెట్టండి. అవి ఒక నమూనాలో పదుల్లో ఉండి, రెండు లీనియేజ్‌ల గుర్తు స్నిప్‌లు రెండూ కనిపిస్తే అది మిశ్రమ సంక్రమణో, కలుషితమో. టీబీ ఎక్కువున్న చోట మొదటిదానికీ అవకాశం ఉంది కాబట్టి అదే తెమడ నమూనా నుంచి మళ్లీ కల్చర్ చేస్తేగానీ తేలదు. లీనియేజ్‌ల సంగతి టీబీ-ప్రొఫైలర్ చెబుతుంది, టీబీ కాని రీడ్లు ఎన్నో క్రాకెన్ చెబుతుంది. నోటి బ్యాక్టీరియా రీడ్లు 16ఎస్ జన్యువు లాంటి, అన్నిట్లో ఒకేలా ఉండే చోట్ల కూర్చుని దొంగ స్నిప్‌లు ఇస్తాయి. మ్యాపింగ్‌కు ముందే తీసేయాలి.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి. కోర్ అలైన్‌మెంట్ పద్ధతిలో ఏ ఒక్క నమూనాలో ఒక స్థానం చదవలేకపోయినా ఆ స్థానం అందరికీ పోతుంది. నాసిరకం నమూనాలు నాలుగు చేరిస్తే, వాటితో సంబంధం లేని జంట మధ్య 14 ఉన్నది 11 అవుతుంది. కొత్త బ్యాచ్ కలిపిన ప్రతిసారీ పాత క్లస్టర్లు మారిపోతుంటే కారణం ఇదే. తేడాలను జంటవారీగా, ఆ ఇద్దరిలోనూ చదవగలిగిన స్థానాల మీద లెక్కించండి. దాంతోపాటు ఎన్ని స్థానాలు పోల్చారో పక్కన రాయండి. జన్యుక్రమంలో 95 శాతం కంటే తక్కువ చదవగలిగిన నమూనాను క్లస్టర్ల పనిలోకి రానివ్వకండి.

మీకు లీనియేజ్ 1 ఎక్కువ కాబట్టి ఇది కూడా: హెచ్37ఆర్‌వీ లీనియేజ్ 4ది. టీబీడీ1 అనే సుమారు 2 వేల అక్షరాల ముక్క లీనియేజ్ 1లో ఉంటుంది, హెచ్37ఆర్‌వీలో లేదు. రిఫరెన్స్‌లో లేనిదాంట్లో మార్పు వచ్చినా మీకు కనిపించదు. నష్టం చిన్నదే, కానీ ఒక్క స్నిప్ మీద వాదన నడిచేటప్పుడు గుర్తుపెట్టుకోవాలి. పెద్ద క్లస్టర్ దొరికితే ఆ క్లస్టర్‌లోని ఒక ఐసోలేట్‌నే లాంగ్ రీడ్‌లతో పూర్తిగా అసెంబుల్ చేసి, దాన్నే రిఫరెన్స్‌గా పెట్టి మళ్లీ లెక్కించడం మంచి పని.

చివరిగా, ఒకే డీఎన్ఏను రెండు లైబ్రరీలుగా చేసి, వేర్వేరు రన్‌లలో సీక్వెన్స్ చేయించండి. తేడా సున్నా రావాలి. 2 వస్తే మీ పైప్‌లైన్‌లో ప్రతి జంటకూ ఆ మేరకు దుమ్ము ఉన్నట్టే. అప్పుడు 5 అనే గీతకు అర్థం లేదు.

---

టీబీ_కల్చర్:

రిజిస్టర్ చూశాం. సున్నా జంట రెండూ ఒకే రోజు, ఒకే ర్యాక్. రెండోది స్మియర్ నెగెటివ్, ఒకే కల్చర్ పాజిటివ్. దాన్ని పక్కన పెట్టి, నిల్వ ఉన్న మిగతా తెమడ నుంచి మళ్లీ కల్చర్ పెడుతున్నాం. పీఈ/పీపీఈ మాస్క్ చేశాం కానీ నిరోధక స్థానాలు తీయలేదు, తీసి మళ్లీ లెక్కిస్తాం. కోర్ అలైన్‌మెంటే వాడాం, అదీ మారుస్తాం. రీడ్_డెప్త్ గారికి ధన్యవాదాలు.

ట్రాన్స్‌ఫైలో గురించి ఎవరైనా చెప్పండి. ఔట్‌బ్రేకర్2 అన్నది కూడా విన్నాం.

---

లాంబ్డా:

ఔట్‌బ్రేకర్2 మీకు సరిపోదు. అది క్రిమిలో మార్పులు సోకే క్షణంలోనే వచ్చినట్టు లెక్క వేస్తుంది, రోగి ఒంట్లో ఏళ్లతరబడి పెరిగే వైవిధ్యాన్ని పట్టించుకోదు. సార్స్ లాంటి, రోజుల్లో చేతులు మారే జబ్బుకు అది బాగుంటుంది. టీబీకి ట్రాన్స్‌ఫైలో నయం. ఒంట్లోని వైవిధ్యం, దొరకని రోగులు రెండింటికీ అందులో చోటుంది.

దానికి ఇవ్వాల్సింది తేదీలున్న వంశవృక్షం, అది బీస్ట్ అనే ప్రోగ్రాంలో తయారవుతుంది. అక్కడే రెండు గోతులున్నాయి.

మొదటిది స్థిర స్థానాలు. అలైన్‌మెంట్‌లో మారిన స్థానాలు మాత్రమే, ఉదాహరణకు 500, ఇచ్చి, రేటును స్థానానికి ఏడాదికి 1×10⁻⁷ అని పెడితే, అది 44 లక్షల స్థానాలకు వర్తించాల్సిన రేటు. 500కు వర్తింపజేస్తే వృక్షం ఎనిమిది వేల రెట్లకు పైగా సాగుతుంది, రెండేళ్ల క్లస్టర్‌కు వేల ఏళ్ల వయసు చూపిస్తుంది. మారని ఏ, సీ, జీ, టీలు ఎన్నో స్నిప్-సైట్స్ అనే ప్రోగ్రాం చెబుతుంది, వాటిని బీస్ట్ ఎక్స్ఎంఎల్‌లో స్థిర స్థానాల బరువులుగా ఇవ్వాలి. వంశవృక్షాలు గీసే ఐక్యూ-ట్రీలో కూడా దీనికి వేరే ఆప్షన్ ఉంది. మాస్క్ చేసిన స్థానాలను ఈ లెక్కలోంచి కూడా తీసేయడం మరవకండి.

రెండోది గడియారం, అంటే మార్పులు వచ్చే వేగం. మీ నమూనాలు రెండేళ్లవే. ఏడాదికి 0.5 చొప్పున ఆ వ్యవధిలో సగటున ఒక్క స్నిప్ వస్తుంది. అంత చిన్న కదలికలోంచి రేటును కొలవడం కుదరదు. టెంపెస్ట్ అనే ప్రోగ్రాంలో వేరు నుంచి కొసల దూరాన్ని తేదీల మీద గీసి చూడండి, చుక్కలు మబ్బులా చెదిరి ఉంటాయి. తేదీలను పదిసార్లో ఇరవైసార్లో కలగాపులగం చేసి బీస్ట్ నడిపితే, అసలు తేదీలతో వచ్చిన రేటు ఆ కలగాపులగం రేట్ల మధ్యే పడుతుంది. అలా పడితే రేటును మీ డేటా నుంచి అడగకండి. బయటి కొలతలనే ముందస్తు పంపిణీగా పెట్టండి. జర్మనీలో హాంబర్గ్, ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌ల నుంచి 1997–2010 మధ్య తీసిన 86 ఐసోలేట్ల మీద వచ్చిన రేటు ఏడాదికి 0.4. మిడ్‌లాండ్స్‌ది 0.5. 0.3–0.7 మధ్య పరిచిన లాగ్‌నార్మల్, స్ట్రిక్ట్ క్లాక్ (అన్ని కొమ్మల్లో ఒకే వేగం) చాలు. రిలాక్స్‌డ్ క్లాక్ (కొమ్మకో వేగం) మోయడానికి ఇంత తక్కువ డేటాకు బలం లేదు. బీస్ట్ గొలుసులు (ఎంసీఎంసీ నడకలు) మూడు వేర్వేరుగా నడిపి, ప్రతి కొలతకూ ఈఎస్ఎస్ (అందులోని స్వతంత్ర విలువల సంఖ్య) 200 దాటేదాకా ఆపకండి.

వృక్షం వచ్చాక దాన్ని పూర్తిగా రెండుగా చీలే రూపంలోకి మార్చి, సున్నా పొడవు కొమ్మలకు ఒక రోజు, అంటే 1/365, ఇవ్వండి. లేదంటే ట్రాన్స్‌ఫైలో ఎర్రర్ ఇస్తుంది. జిల్లా మొత్తం వృక్షాన్ని ఇవ్వకండి. లీనియేజ్ 1కీ 4కీ మధ్య ఉన్న దూరాన్ని అది దొరకని రోగుల గొలుసుతో నింపడానికి చూస్తుంది. ఒక్కో క్లస్టర్‌ను విడదీసి ఇవ్వాలి. మీ 12 గీత ఇక్కడ కంచెగా పనికొస్తుంది. చిన్న క్లస్టర్లు చాలా ఉంటే, నమూనా అందిన వంతు (π, పై అంటారు) అన్నిటికీ ఉమ్మడిగా పెట్టి ఒకేసారి నడపొచ్చు.

ఒకరికి సోకాక వారి నుంచి ఇంకొకరికి సోకడానికి పట్టే కాలానికి గామా పంపిణీ ఇవ్వాలి. ఆకారం 1.3, స్కేల్ 3.33 తీసుకుంటే సగటు 4.3 ఏళ్లు, ఎక్కువమంది మొదటి మూడు నాలుగేళ్లలో, పొడవైన తోక. టీబీకి ఈ రూపం సరిపోతుంది. ఇక అందరూ జారే చోటు డేట్-టి. మీరు చూడడం ఆపిన తేదీ అది. ఇవ్వకపోతే అనంతం అని, అంటే వ్యాప్తి ముగిసిపోయిందని లెక్కిస్తుంది. నడుస్తున్న వ్యాప్తిలో చివరి రోగులు ఇంకెవరికీ అంటించలేదని తేల్చేస్తుంది, అది మీ పరిశీలన ఆగిపోవడం వల్ల వచ్చిన భ్రమ.

ఫలితంలో ఒకే బొమ్మను చూడకండి. లక్ష ఇటరేషన్ల పైన నడిపి మొదటి సగం తీసేసి, ఎవరి నుంచి ఎవరికి అన్న సంభావ్యతల పట్టిక తీయండి. అందులో చాలా జంటలకు 0.1, 0.2 వస్తాయి. 0.5 దాటిన బాణం క్లస్టర్‌కు ఒకటో రెండో మిగిలితే అదృష్టం. బీస్ట్ వృక్షం కూడా ఒక అంచనాయే కాబట్టి అది ఇచ్చిన వృక్షాల్లోంచి (పోస్టీరియర్) యాభై తీసి ఒక్కోదాని మీద మళ్లీ నడపండి. ఒక వృక్షంలో 0.7 ఉన్న బాణం ఇంకోదాంట్లో తిరగబడడం మామూలే.

---

కాంటాక్ట్_ట్రేసర్:

పై ఇద్దరూ డేటాలో ఉన్నవాళ్ల గురించి మాట్లాడారు. లేనివాళ్ల సంగతి నేను చెబుతాను.

మన కార్యక్రమంలో రోగ నిర్ధారణ సీబీనాట్ లేదా ట్రూనాట్ అనే వేగవంతమైన జన్యు పరీక్షల మీద అయిపోతుంది. ద్రవ కల్చర్ దాకా వెళ్లేవి ఎక్కువగా రిఫాంపిసిన్ నిరోధకత తేలినవి, చికిత్స విఫలమైనవి, మళ్లీ తిరగబెట్టినవి. ప్రైవేటులో మందు వాడుతున్నవాళ్ల తెమడ మీ ఫ్రీజర్‌లోకి రావడం అరుదు. కాబట్టి మీ ఐసోలేట్లు జిల్లాలోని టీబీకి అద్దం పట్టవు. టీబీ కేసులు నమోదయ్యే నిక్షయ్ పోర్టల్‌లో ఆ రెండేళ్లలో నమోదైన ఊపిరితిత్తుల టీబీ కేసులు హారంగా, మీ ఐసోలేట్లు లవంగా పెట్టి భాగించండి. ట్రాన్స్‌ఫైలోకి π విలువగా ముందస్తు అంచనా ఇచ్చేటప్పుడు ఆ సంఖ్యే ఇవ్వాలి, అదీ పై హద్దుగా, ఎందుకంటే నమోదు కానివాళ్లు ఉండనే ఉన్నారు. ఆ వంతు 0.1 అయితే, ఏ రోగికైనా అంటించిన మనిషి మీ డేటాలో ఉండే అవకాశం పదింట ఒకటికి అటూఇటూ. అలాంటప్పుడు బాణాల బొమ్మ అడిగినవాళ్లకు ఈ ఒక్క భాగహారం చూపిస్తే చాలు.

ఇటీవలి సంక్రమణ ఎంత అన్న అంచనా కూడా ఇదే దెబ్బ తింటుంది. మామూలుగా వాడే లెక్క: క్లస్టర్లలో పడ్డ కేసుల్లోంచి క్లస్టర్ల సంఖ్య తీసేసి మొత్తంతో భాగించడం. 100 ఐసోలేట్లలో 40 మంది 15 క్లస్టర్లలో ఉంటే (40 − 15) / 100, అంటే 25 శాతం. నమూనా పలచబడితే జంటలో ఒకరు తప్పిపోయి రెండోవాళ్లు ఒంటరిగా కనిపిస్తారు, ఈ శాతం పడిపోతుంది. మీ దగ్గర తక్కువ వచ్చిందని జిల్లాలో వ్యాప్తి తక్కువని రాయకండి. రెండేళ్ల కిటికీ కూడా అంతే: మీరు మొదలుపెట్టకముందే అంటించి చికిత్స ముగించుకున్నవాళ్లు కనిపించరు. వలసలు ఎక్కువున్న పాలమూరు లాంటి చోట్ల సోకింది ముంబయిలో కావచ్చు. ఏళ్లకొద్దీ అక్కడే పని చేసి వచ్చిన రోగి ఐసోలేట్‌ను జిల్లా క్లస్టర్‌లో వెతికితే దొరకదు.

అయితే ఇవన్నీ చూసి జన్యుక్రమం దండగ అనుకోకండి. దాని అసలు బలం ఒకరి నుంచి ఒకరికి సోకింది కాదని చెప్పడంలో ఉంది. కెనడాలో బ్రిటిష్ కొలంబియాలోని ఒక ఊళ్లో 2006–2008 మధ్య 41 కేసులు వచ్చాయి. పాత పద్ధతి, ఎంఐఆర్‌యూ-వీఎన్‌టీఆర్, అందరిదీ ఒకే రకం క్రిమి అని చూపింది. పూర్తి జన్యుక్రమం తీస్తే ఒకేసారి రెండు వేర్వేరు వంశాలు నడుస్తున్నాయని తేలింది. 2011లో అచ్చయిన ఆ పనిలో, జన్యుక్రమానికి తోడు ఎవరు ఎవరితో తిరుగుతారో ప్రశ్నావళి వేసి అడిగారు. క్రాక్ కొకైన్ వాడకం ఆ వ్యాప్తికి తోడైందని అలా బయటపడింది. మన దక్షిణాదిలో పాత పద్ధతులు ఇంకా బలహీనం. ఇక్కడి చాలా ఐసోలేట్లలో పాత వేలిముద్ర పద్ధతి వాడే ఐఎస్6110 అనే చొప్పింపు శ్రేణి ఒక్క కాపీయే ఉంటుంది కాబట్టి ఆ వేలిముద్రతో విడదీయడం కుదరదు.

మీ 9 స్నిప్‌ల వీధి జంటకు ఇదే వర్తిస్తుంది. ఒకే వీధి కాబట్టి ఒకరి నుంచి ఒకరికే అని రాసుకున్న పాత కాంటాక్ట్ ఫైలును మూసి, మూలం ఇంకొకరు అని కొత్తగా వెతకడం మొదలుపెట్టాలి. ఆ వీధిలో గత పదిహేనేళ్ల టీబీ రిజిస్టర్ పేర్లు, కల్లు దుకాణం, బీడీ కార్ఖానా, ఒకే గదిలో పడుకునే తాపీ పనివాళ్లు, ఇలాంటి చోట్లు అడగండి. ఎక్కడెక్కడ తిరుగుతారని అడిగితే ఎవరూ చెప్పరు. సాయంత్రం ఆరు తర్వాత ఎక్కడ కూర్చుంటారని అడిగితే చెబుతారు.

రిపోర్టులో బాణాలు వద్దు. క్లస్టర్ అని రాయండి, లోపల ఎవరి పేరూ ముందు పెట్టకండి. ఫలానా మనిషి అంటించాడని కాగితం మీద పడితే అది ఆ ఊరికి చేరడానికి రెండు రోజులు పట్టదు, ఆ తర్వాత ఆ మనిషి మందుల కోసం మళ్లీ కేంద్రానికి రాడు. 0.6 సంభావ్యత అంటే పదిలో నాలుగుసార్లు తప్పు మనిషిని చూపించినట్టు.

---

రీడ్_డెప్త్:

ఒక అభ్యంతరం. లాంబ్డా గారి లెక్క మొత్తం 0.5 ఎప్పుడూ ఒకేలా నడుస్తుందన్న దాని మీద నిలబడింది. నిద్రాణ దశలో క్రిమి ఎంత వేగంగా మారుతుందో ఇంకా వాదన ఉంది. మకాక్ కోతుల మీద చేసి 2011లో అచ్చువేసిన పనిలో నిద్రాణంలోనూ దాదాపు అదే వేగం కనిపించింది. తర్వాత మనుషుల్లో, ఎప్పుడు సోకిందో తెలిసిన దీర్ఘకాల కేసులు చూస్తే వేగం బాగా తగ్గింది. అదే నిజమైతే 0–1 స్నిప్ ఉన్న జంటలో ఒకరికి దశాబ్దాల కింద సోకి ఇప్పుడు లేచి ఉండొచ్చు.

వైరస్‌లలో కూడా ఇది చూశాం. గినీలో 2021 ఫిబ్రవరిలో ఎబోలా మళ్లీ మొదలైనప్పుడు జన్యుక్రమాలు తీస్తే, అవి 2014 వ్యాప్తి వైరస్‌కే పిల్లలు. ఎబోలా జన్యుక్రమం 18,959 అక్షరాలు, మనుషుల మధ్య తిరిగేటప్పుడు రేటు స్థానానికి ఏడాదికి 1.2×10⁻³, అంటే ఏడాదికి 22 దాకా. ఇన్నేళ్లకు వందకు పైగా మారాలి. మారినవి ఓ డజను. గబ్బిలం నుంచి కొత్తగా వచ్చింది కాదు, మనిషి నుంచి మనిషికి ఆగకుండా నడిచిందీ కాదు. కోలుకున్న ఒకరి ఒంట్లో ఏళ్లతరబడి దాగి ఉన్నదే మళ్లీ బయటపడిందన్న నిర్ణయానికి దారి చూపింది ఆ తక్కువ లెక్కే.

---

లాంబ్డా:

ఒప్పుకుంటున్నాను, అందుకే అంతరం 0.3 దాకా పెట్టమన్నాను. నిద్రాణం ఇంకా నెమ్మదైతే అదీ చాలదు. చేయగలిగింది ఇది: బీస్ట్‌ను రేటు 0.5 దగ్గర ఒకసారి, 0.2 దగ్గర ఒకసారి నడపండి. రెండు వృక్షాల మీదా ట్రాన్స్‌ఫైలో నడిపి, రెండు పట్టికల్లోనూ 0.5 దాటిన జంటలు ఏవో చూడండి. రెండింట్లోనూ నిలిచినవి క్షేత్ర బృందానికి ముందు అడగాల్సిన ఇళ్ల జాబితాగా ఇవ్వండి. ఒకదాంట్లోనే ఉన్నవాటిని ఆ జాబితాలోంచి తీసేయండి.